మావయ్య నిద్రపోయిన దారి

టాక్సీ మావయ్య పోయాడన్న కబురు పొద్దున్నే పాలవాడు తెచ్చాడు. చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టి అలాగే కూర్చుండిపోయాను. ఏడవలేదు, మాట్లాడలేదు. ఆ మౌనాన్ని ఇంట్లోవాళ్లు తమకు కావలసినట్టు అర్థం చేసుకున్నారు. "పాపం, మంచోడు. పోన్లే, దీని కారు పిచ్చి కూడా ఈ దెబ్బతో వొదిలిపోద్ది," అని నాన్న వంటింట్లో అనడం వినబడింది. అమ్మ వచ్చి తల నిమిరి, "బెంగెట్టుకోకమ్మి, బ్యాంకు పరీక్షలు రాసుకుందువుగాని," అంది. మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే. ఊరుకుంటే ఒప్పుకున్నానంటారు, మాట్లాడితే అలిగానంటారు. నిజానికి ఆ నిమిషాన నేను ఆలోచిస్తున్నది ఆయన చెప్పుల గురించి.

రాయగడలో రైలు దిగి సామాన్లతో బయటికొచ్చినవాళ్లు చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. పాత అంబాసిడర్‌కి ఆనుకుని, భుజాన తువ్వాలుతో, ఎవరినీ కేకేసి పిలవకుండా నిలబడే పొట్టి మనిషి. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాకు చుట్టం కాడు. జేకేపూర్‌లో కాగితం మిల్లు వాళ్లిచ్చిన మా క్వార్టరు దాటి, కాలనీ గేటు బయట ఆయన ఇల్లు.

బి.ఏ. అయ్యాక ఇంట్లో గోడలు చూసి చూసి విసిగి, ఒకనాడు వెళ్లి అడిగాను, డ్రైవింగ్ నేర్పమని.

"కారా, టాక్సీయా?" అన్నాడు.

"తేడా ఏటి మావయ్యా?"

"కారైతే నీకోసం తోలుకుంటావు. టాక్సీ ఎక్కినోడి కోసం తోలాల."

"అయితే టాక్సీయే."

"మీ నాన్న నన్ను సంపేస్తాడే అమ్మీ," అని నవ్వుతూనే తాళాలు తీశాడు.

టాక్సీ లైసెన్సు కావాలంటే కోరాపుట్ వెళ్లి పరీక్ష పాసవ్వాలి. డ్రమ్ముల మధ్య నుంచి బండిని వెనక్కి నడపాలి. ఎత్తులో ఆపిన బండిని జారకుండా ముందుకు లాగాలి. ఆఖరున ఇన్‌స్పెక్టర్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పాలి. మొదటిదాంట్లో మావయ్య వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. "ఇలాగ తిప్పీ... అబ్బా, అలాగ కాదే, ఇలాగ!" అంతకు మించి చెప్పడం ఆయనకు చేతకాదు. గుద్దుకుంటూ నేనే నేర్చుకున్నాను. గుద్దినప్పుడల్లా ఆయన దిగి బండిని వదిలేసి డ్రమ్మును పరామర్శించేవాడు.

ఆయన పాఠమంతా మూడోదాని మీదే. "నా టెస్టులో ఇనస్పెట్రు నిద్దరోయేడు. దిగేక లేపితే, ఏటీ అడక్కుండా పాసు సేసేడు. నీ ఇనస్పెట్రు కూడా నిద్దరోవాల. ఎనకాల కూకున్నోడు నిద్దరోయేడంటే నిన్ను నమ్మేడని."

ఇంకొకటి కూడా నేర్పాడు. సంత రోజుల్లో కొండ ఊళ్ల ఆడవాళ్లు కోళ్లతో, పసుపు మూటలతో టాక్సీ ఎక్కేవారు. ఎక్కేముందు చెప్పులు రోడ్డు మీద విప్పేసేవారు, ఇంట్లోకి వచ్చినట్టు. బండి కదిలిపోయేది, చెప్పులు అక్కడే ఉండిపోయేవి. మిగతా డ్రైవర్లకు అదొక తమాషా. మావయ్య మాత్రం ప్రతిసారీ దిగి, బండి చుట్టూ తిరిగి, నేల చూసి, చెప్పులు తెచ్చి ఎవరివి వాళ్ల కాళ్ల దగ్గర పెట్టేవాడు. "ఇల్లనుకున్నారే పాపం. ఇంట్లోకి సెప్పులతో ఎలాగొస్తారు?" ఖాళీ బండి ఎక్కబోయినా సరే, నన్ను అలా చుట్టూ తిరగమనేవాడు. "అద్దం సూడమని అందరూ సెప్తారు. నువ్వు నేల కూడా సూడు."

ఆయన పోవడానికి ముందు రోజు బంధుగాం సంతకు జనాన్ని దింపి తిరిగి బయలుదేరుతున్నాం. ఆ రోజు ఆయన ముందు సీటు వదిలేసి వెనక తలుపు తీశాడు. ఆయన వెనక కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. "ఈయేల నానే ఇనస్పెట్రుని," అన్నాడు. అలవాటు ప్రకారం బండి చుట్టూ తిరిగాను. వెనక తలుపు పక్కన రోడ్డు మీద ఆయన చెప్పుల జత ఉంది. పరీక్ష పెట్టాడో, ఆయనకూ అది ఇల్లే అనిపించిందో తెలియలేదు. మొహం చూద్దామంటే అటు తిప్పుకుని కొండలకేసి చూస్తున్నాడు. దిగేటప్పుడు ఇద్దామని చెప్పులు తీసి ముందు సీటు కింద పెట్టుకుని బయలుదేరాను.

మలుపులున్నాయి, ఎడ్లబళ్లున్నాయి, రోడ్డు మధ్యలో ఆరబోసిన ధాన్యం ఉంది. చెయ్యి బయటికి చాపి సైగ చేసి, గేరు మార్చి, ఒకసారి అద్దంలోకి చూశాను. మావయ్య తల వెనక్కి వాలి ఉంది. నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. నేను చాలా పరీక్షలు పాసయ్యాను. ఏ మార్కుల కాగితమూ నాకు అంత సంతోషం ఇవ్వలేదు. హారన్ కొట్టాల్సిన చోట కూడా కొట్టకుండా, నెమ్మదించి దాటించాను.

గేటు దగ్గర ఆపి పిలిస్తే గాని లేవలేదు.

"నిద్దరోయేనేటి?"

"బాగా పోయావు మావయ్యా. గురక కూడా."

"అయితే నీ టెస్టు ఐపోనాదే అమ్మీ. కోరాపుటోడు ఇచ్చేది ఉత్త కాయితం." తువ్వాలు దులుపుకుని, నిద్రకళ్లతో ఇంటికి నడిచాడు. ఉత్తకాళ్లతో వెళ్తున్నాడని ఆయనా చూసుకోలేదు, నేనూ చూడలేదు. మర్నాడు తెల్లారేసరికి నిద్రలోనే పోయాడు.

కర్మలయ్యాక నిన్న మావయ్య ఇంటి నుంచి అత్త పిలిచింది. తాళాలు నా ముందు పెట్టి, "బండి నిలబడిపోతే సెడిపోద్దమ్మి. కొంటానని ఒకడు తిరుగుతన్నాడు. నువ్వు తోలుతానంటే ఆపుతాను. ఏటంటావు?" అంది.

బండి తలుపు తీశాను. ముందు సీటు కింద చెప్పులు అలాగే ఉన్నాయి. "ఇంట్లో పెట్టమంటావా అత్తా?" అని అడిగాను.

"ఉండనీ. ఆయన ఇంట్లో ఉన్నదెంత? అక్కడే ఉండనీ."

కుడి చెప్పు మడమ దగ్గర బాగా అరిగిపోయి ఉంది, యాక్సిలరేటర్ తొక్కుతూ నేలకు ఆనించి ఆనించి. రెండింటినీ సరిగ్గా పక్కపక్కనే జరిపి తలుపు వేశాను.

సోమవారం కోరాపుట్‌లో పరీక్ష. వెళ్తున్నాను. బండి అమ్మొద్దని అత్తకు చెప్పేశాను. టాక్సీ నేను తోలుతాను.