పాలరాతి పాదాలకు చెంబుడు నీళ్లు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ, రాజమండ్రిలోని ఒక మిషన్ ఆసుపత్రి ఆవరణలో, అందరూ చూస్తుండగా పాలరాతి కుర్రాడి కాళ్లు కడిగింది. చెంబుతో నీళ్లు పోసి, కొంగుతో మడమలు తుడిచింది. కంటి ఆపరేషనై కట్టుతో బెంచీ మీద కూర్చున్న మా తాతయ్య మొహం తిప్పుకున్నారు.

ఆ శిల్పం బైబిల్లోని ఒక కథది. ఇల్లు విడిచిపోయి, అన్నీ పోగొట్టుకుని తిరిగొచ్చిన చిన్నకొడుకు మోకాళ్ల మీద ఉంటాడు. తండ్రి వంగి అతణ్ణి గుండెకు హత్తుకుంటాడు. కాస్త వెనకగా పెద్దకొడుకు, ఒక కాలు మెట్టు మీద పెట్టి, లోపలికి వెళ్లాలో వద్దో తేల్చుకోలేనట్టు నిలబడి ఉంటాడు. అక్కడి నర్సమ్మగారు ఈ కథ చెబుతున్నంతసేపూ నాయనమ్మ చూపు చిన్నవాడి అరికాళ్ల మీదే ఉంది. రోడ్డు దుమ్మంతా అక్కడే పేరుకుంది మరి.

మా వైపు గడప దగ్గర కాళ్లకు నీళ్లిస్తేనే లోపలికి రమ్మన్నట్టు. మా బాబాయి నాట్ల రోజుల్లో పొలం వదిలేసి నాటకాలవాళ్లతో వెళ్లిపోయాక తాతయ్య ఒకటే మాటన్నారు: వాడికి నీళ్లిచ్చినవాళ్లు తనతో మాట్లాడక్కర్లేదని. ఆ తర్వాత బాబాయి ఎప్పుడొచ్చినా వీధి చివరిదాకా వచ్చి, నాయనమ్మను దూరం నుంచి చూసి వెళ్లిపోయేవాడు.

"రాతికి నీళ్లేంటే?" అన్నారు తాతయ్య.

"ఎంత దూరం నడిచొచ్చాడో ఏంటో. రాతికి పోసినా మీ మాట దాటినట్టేనాండీ?"

నాయనమ్మ సగం నీళ్లున్న చెంబు ఆయన పక్కన పెట్టి గేటు వైపు చూసింది. అక్కడ బాబాయి, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కబురు పంపింది ఆవిడేనని అప్పుడు అర్థమైంది.

తాతయ్య ఒంటికన్నుతో చెంబు వంక చాలాసేపు చూశారు. తర్వాత దాన్ని పట్టుకుని మెల్లగా గేటు దాకా నడిచారు.

"ఏం వేషం కడుతున్నావురా ఇప్పుడు?"

"రాజు వేషం, నాన్నా."

"రాజువైతే ఆ కాళ్లేంట్రా, దున్నపోతు కాళ్లలాగ!" అంటూనే నీళ్లు పోశారు.

బాబాయి ఏడుస్తూనే నవ్వాడు. నర్సమ్మగారు కళ్లు తుడుచుకున్నారు. ఆ మధ్యాహ్నం నాయనమ్మ క్యారేజీలోని ఆవకాయన్నం ముద్దలు కలిపి అందరి చేతుల్లో పెట్టింది. అంత రుచైన అన్నం నేను మళ్లీ తినలేదు.

ఇప్పుడు నేనుండేది కాకినాడలో, మూడో అంతస్తులో. ఎవరొచ్చినా బాత్రూము చూపించను, చెంబు పట్టుకుని తలుపు దగ్గరికి నేనే వెళ్తాను. టైల్సన్నీ తడుస్తున్నాయని మనవరాలు రోజూ నా మీద గొడవే.

ఆ రోజు మాతో వచ్చిన మా నాన్న మాత్రం ఆసుపత్రి మెట్ల దగ్గరే ఉండిపోయారు. తమ్ముడు లేని ఆ ఏళ్లన్నీ పొలం పని ఒంటరిగా మోసింది ఆయనే. తర్వాత ఇద్దరూ కలిసే వ్యవసాయం చేశారు. కానీ ఆ మెట్ల దగ్గర ఏమనుకున్నారో నాన్న చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. మొన్న వెళ్లి చూశాను. పాలరాతి పెద్దకొడుకు ఇంకా ఒక కాలు మెట్టు మీదే పెట్టి నిలబడి ఉన్నాడు.