మూలశంక కాదు, మూలకణాలు

పోయిన వారం మా పక్కింటి అక్క కన్నుమూసింది. పొద్దున్నే వాళ్ళాయన మా గుమ్మంలో నిలబడి ఆ కబురు చెప్పాడు. కండరాలు క్రమంగా సన్నగిల్లే జబ్బు ఆమెది. చివరికి ఊపిరి తీసే కండరాల దాకా వచ్చింది. గొంతులో బలం తగ్గింది గానీ అధికారం మాత్రం తగ్గలేదు.

అక్క సికింద్రాబాద్ స్టేషన్లో అనౌన్సర్‌గా చేసేది. చక్రాల కుర్చీలోకి వచ్చాక ఉద్యోగం వదిలింది, "దయచేసి వినండి" అనడం వదల్లేదు. చాయ్ కావాలన్నా అదే పిలుపు. "ఏ ప్లాట్‌ఫాం మీదికి తేవాలె?" అంటూ వాళ్ళాయన వంటింట్లోకి నడిచేవాడు.

మేము చిలకలగూడ వచ్చిన కొత్తల్లో మా అమ్మాయికీ అదే జబ్బని తేలింది. మూలకణాల ఇంజెక్షన్లతో పిల్ల మళ్ళీ నడుస్తుందని ఎవరో ప్రైవేటు క్లినిక్ వాళ్ళు చెబితే, గాజులు అమ్మడానికి సిద్ధమయ్యాను. అక్కే ఆపింది.

"జెర ఆగమ్మా. మూలకణాలంటే తల్లి కణాలు. కండ కావాల్నంటే కండ అయితయ్. ఎన్నడో ఓనాడు మన జబ్బుకు మందు అండ్లకెల్లే వస్తదని నా ఆశ. కానీ ఇయ్యాల లేదు. లేని మందు అమ్మెటోని ఇంటికి పోకు. మందు వచ్చేటట్టు చెయ్యాల్నని సర్కారును అడుగుదాం, రా."

నా బిడ్డను ఆ రోజు కాపాడింది ఆ నాలుగు మాటలే. ఆశను చంపకుండా అబద్ధాన్ని ఆపడం అందరికీ చేతకాదు.

అలా అడగడానికే, ఈ జబ్బున్న నాలుగైదు కుటుంబాలం కలిసి ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్ళాం. ప్రభుత్వాసుపత్రిలో మూలకణాల పరిశోధన మొదలుపెట్టాలని అసెంబ్లీలో అడగమని మా కోరిక. పీఏ గారు సగం విని, "మూలశంకనా? మన బోయిన్‌పల్లిల మంచి డాక్టరున్నడమ్మా, ఫోన్ చేసి చెప్తా" అన్నాడు. మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్క గొంతు సవరించుకుంది.

"దయచేసి వినండి!"

గదిలో వాళ్ళేగాక వరండాలో ఉన్నవాళ్ళూ నోరు మూశారు. "మూలశంక కాదు సార్, మూలకణాలు. మేం కూసోలేక రాలేదు, లేవలేక వచ్చినం."

లోపలి గదిలోంచి ఎమ్మెల్యే తానే బయటికొచ్చాడు.

ఆ తర్వాత ప్రతి సోమవారం అక్క ఆ పీఏకి ఫోన్ చేసేది. విసుక్కునేవాడు, పెట్టేసేవాడు, మళ్ళీ ఎత్తేవాడు. కొన్నాళ్ళకు "అక్కా, తిన్నవా?" అని అడగడం షురూ చేశాడు. ఎమ్మెల్యే సభలో లేచిన రోజు వాళ్ళింట్లో టీవీ ముందు అందరం చేరాం. ఆయన "మూలకణాలు" అని తప్పు లేకుండా పలికాడు. అక్క మా అమ్మాయిని పిలిచి, "నా చేతులు లేపవే, చప్పట్లు కొట్టాలె" అంది. మా పిల్ల ఆ రెండు చేతులూ పట్టుకుని కొట్టించింది.

మంత్రి గారు పరిశీలిస్తామన్నారు, అంతే. నేను ఉసూరుమన్నాను.

"ఏందమ్మా గట్ల మొఖం పెట్టినవ్? బండి మౌలాలి దాకా వచ్చినట్టే. ఇగ ప్లాట్‌ఫాం ఇయ్యాలె, గంతే" అంది అక్క.

సికింద్రాబాద్‌కు ముందున్న మౌలాలిలో ప్లాట్‌ఫాం కోసం బండి ఎంతసేపు ఆగుతుందో ఈ ఊరి వాళ్ళకు చెప్పక్కర్లేదు. అక్క ఉండగా అది కదల్లేదు. అయినా ఆమె పక్కింట్లో ఉన్నన్నాళ్ళూ నేను భయపడుతూ నిద్ర లేవలేదు. ఆ రుణం తీరేది కాదు.

ఈ సోమవారం వంటింట్లో ఉన్నాను. హాల్లోంచి "దయచేసి వినండి" అని వినబడింది. వెళ్ళి చూస్తే, మా అమ్మాయి కుర్చీలో నిటారుగా కూర్చుని ఫోన్ చెవికి ఆనించుకుని ఉంది.

"లేదు సార్, పెద్దమ్మ లేదు," అంటోంది. "ఇగ నుంచి సోమవారం నేను చేస్తా."