గొలుసు బిగిసిన చోట

నిన్న మా వీధిలో ఎవరో మోటారు సైకిలుకు మామిడి గంప కట్టుకుని పోయారు. ఇంజిన్ నూనె వాసనా, కాయ సొన వాసనా కలిసి ముక్కుకు తగిలాయి. ఆ రెండూ కలిస్తే నాకు సుబ్బారాయుడు గారే. ఎనభైల్లో నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలు గుత్తకు తీసుకునేవారు. నేను ఆయన దగ్గర గుమస్తాని. మనిషి బక్కపలచన, బండేమో బుల్లెట్. స్టాండు వేసేటప్పుడు ఎవరు ఎవరిని నిలబెడుతున్నారో తెలిసేది కాదు. అయినా దాని మీద ఇంకొకరిని చెయ్యి వేయనిచ్చేవారు కాదు, రిపేర్లన్నీ స్వయంగానే చేసుకునేవారు.

ఒక వేసవిలో మా విస్సన్నపేట తోట కాపు కొంటానని నూజివీడు షావుకారు ఒకాయన ముందుకొచ్చాడు. శాంపిల్ అడిగితే సుబ్బారాయుడు గారు రసాల గంప బండి వెనక కట్టి, ఆయన కొట్లో దించి వచ్చారు. మాగాక కోస్తే లోపలంతా కమిలిపోయి ఉన్నాయట. రెండోసారీ అంతే. షావుకారు తోటకే వచ్చి అందరి ముందూ అనేశాడు.

"మీ కోటయ్య చిక్కంతో కొయ్యట్లేదండీ, కొమ్మ దులిపి రాలుస్తున్నాడు. అతన్ని మార్చండి, అప్పుడు బేరం మాట్లాడుకుందాం."

కోటయ్య మా కోతగాళ్లలో పెద్ద. చిక్కమంటే గెడ చివర కట్టే వల సంచి. అందులో పడ్డ కాయని పసిపిల్లని ఎత్తుకున్నట్టు తీసి గంపలో పెట్టేవాడు. కాయ రాల్చాడన్న పేరు పడితే ఇక ఏ తోటలోనూ పనికి పిలవరు. "నేను రాల్చలేదు బాబుగారూ," అన్నాడు. చూడలేక నేను తల తిప్పుకున్నాను.

సుబ్బారాయుడు గారు ఒకే చెట్టు కాయలు కోటయ్య చేతే రెండు గంపలు కోయించారు. ఒకటి బుల్లెట్ మీద, రెండోది బస్సులో నా ఒళ్లో నూజివీడు చేరాయి. మాగాక కోసి చూస్తే నా గంపలో పళ్లు బంగారంలా ఉన్నాయి. బండి మీద వచ్చినవి మళ్లీ కమిలాయి.

"అయితే దెబ్బ నా బండిదన్నమాట," అని ఆయన అప్పటికప్పుడు పంచె ఎగగట్టి కూర్చున్నారు. ముందు ఇంజిన్ బోల్టులు చూశారు. ఒకటి వదులైంది. బిగించినా బండి వణుకు పూర్తిగా తగ్గలేదు. అప్పుడు నూనె బేసిన్‌లోకి వంపి, ఇంజిన్ పక్క మూత విప్పి, బండిని గేరులో ఉంచి నన్ను వెనక చక్రం మెల్లగా తిప్పమన్నారు. లోపలి గొలుసు ఒకచోట ఊగుతోంది, ఇంకోచోట తీగలా బిగుసుకుంటోంది.

"పోయిన నెల వదులుగా ఉన్న చోట చూసి బిగించానయ్యా. తప్పు. గొలుసు అంతా ఒక్కలా అరగదు. ఎక్కడ బాగా బిగిసిందో అక్కడ వేలితో నొక్కి చూసి, ఆ చోటికి వదులివ్వాలి."

అలా వదులిచ్చాక వణుకు పోయింది. తరవాతి గంప క్యారియర్‌కి కట్టి, వెనక సీట్లో కోటయ్యని కూర్చోబెట్టుకుని వెళ్లారు. ఆ పళ్లు మాగాక షావుకారు కోసి చూసుకున్నాడు. ఒక్కదానిలోనూ మచ్చ లేదు.

"సరేనండీ, ఇక బేరం..." అన్నాడు.

"తోటలో అందరి ముందూ అన్నారు కదండీ. అక్కడికే వచ్చి, తప్పు కోటయ్యది కాదని చెప్పండి. బేరం ఆ తరవాత."

బేరం పోయిందనే అనుకున్నాను. షావుకారు వచ్చాడు, చెప్పాడు. కోటయ్య తలపాగా చుట్టుకుని మళ్లీ చెట్టెక్కాడు.

తరవాత నా చేతి కిందా చాలామంది పనిచేశారు. పని చెడిందని ఎవరి మీదైనా ఫిర్యాదు వస్తే, నేను పెట్టిన బిగువు ఎక్కడుందో ముందు వెతుక్కునేవాణ్ని. చాలాసార్లు తప్పు అక్కడే దొరికేది.