కొండమీద ఇరవై నిమిషాలు

మా అక్క నరసాపురంలో నర్సింగ్ చదివి, అరుణాచల్ కొండల్లో ఒక చిన్న ఆసుపత్రిలో చేరింది. అక్కడి బడిపంతులునే పెళ్లి చేసుకుని ఉండిపోయింది. అమ్మ పోయినప్పుడు సమాధికి వచ్చి వెళ్లాక ఆరేళ్లపాటు తనని ఫోనులోనే చూశాను, అదీ సిగ్నల్ ఉన్నరోజున.

పోయిన దసరా సెలవుల్లో నేనే బయల్దేరాను. రాజమండ్రిలో విమానం ఎక్కి, హైదరాబాదులో మారి, అస్సాం చేరాను. కొండచరియలు పడి రోడ్డు మూసేశారు. ఇక చిన్న విమానమే దిక్కు. అందులో పందొమ్మిది సీట్లు. ఎక్కేముందు సామానుతోపాటు మమ్మల్నీ కాటా మీద నిలబెట్టి తూచారు.

ముప్పావుగంట ఎగిరాక మబ్బులు కమ్ముకున్నాయి. పైలట్ రెండుసార్లు చుట్టూ తిప్పి చూసి, వెనక్కి తెచ్చేశాడు. సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"చప్పుడు విన్నానే. వార్డులోంచి బయటికి పరిగెత్తాను. ఏమీ కనపళ్లేదు," అంది.

నేను ఏడుస్తున్నట్టు తెలియకూడదని, అన్నం తిన్నావా అని అడిగాను.

మరో రెండు రోజులు విమానం కదల్లేదు. నాలుగో రోజు తెరిపిచ్చింది. కానీ మర్నాడే నా తిరుగు ప్రయాణం, ఆపైన నేను పాఠాలు చెప్పే బడి తెరుస్తారు. కొండమీద దిగిపోతే మళ్లీ విమానం వారానికి గాని రాదు. కౌంటర్లో ఉన్నావిడ నా ముఖం చూసి, అదే విమానంలో వెళ్లి రావచ్చని, అక్కడ ఇరవై నిమిషాలు ఆగుతుందని చెప్పింది. సరేనన్నాను.

అక్క రేకుల షెడ్డు ముందు నిలబడి ఉంది. యూనిఫారం మీద స్వెట్టరు. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఫోనులో అది ఎప్పుడూ కనపడలేదు. చెప్పాలని దాచుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. తను నా మోకాళ్ల నొప్పి గురించి అడిగింది. నేను వాళ్లాయన గురించి అడిగాను. అక్క కూతురు 'పిన్నీ' అని ఒక్కసారి పిలిచి వాళ్లమ్మ వెనక దాక్కుంది. దానికి వచ్చిన తెలుగు అంతేనట.

ఎక్కమని పిలిచారు. అక్క నా చెయ్యి వదల్లేదు.

"నువ్వే ఒకసారి రావచ్చు కదక్కా," అన్నాను.

"వస్తే మళ్లీ ఇటు రాబుద్ధి కాదేమోనే," అంది మెల్లిగా.

ఇన్నేళ్లూ తనకి అక్కడ హాయిగానే ఉందనుకున్నాను. విమానం లేచాక కిటికీకి ముఖం ఆనించి చూశాను. ఆ ఇద్దరూ కనపడినంతసేపు కనపడ్డారు, తర్వాత కొండ అడ్డొచ్చింది.

ఎప్పుడొస్తావని తనని అడగడం ఆ రోజుతో మానేశాను. వేసవిలో బడి మూసిన మర్నాటికే టికెట్ తీసుకున్నాను. ఈసారి నెల్లాళ్లు ఉంటాను.