ఖాళీ వ్యాను, గోడ మీద గీత

మేస్త్రికి ఇద్దరంటే ఒళ్ళు మంట. ఒకడు, ఎదుటివాళ్ళ కళ్ళలో లైటు కొట్టే డ్రైవరు. రెండోవాడు సొంత బావ. ఆ ఇద్దరూ ఒక్కడే అయితే ఇక చెప్పాలా!

బళ్ళ హెడ్‌లైట్లు సరిచేస్తూనే ఆయన జుట్టు నెరిసింది. షెడ్డు చివర గోడ మీద నల్లగీత గీసుకున్నాడు. బండిని ఎదురుగా నిలబెట్టి, లైటు వెనకున్న స్క్రూ తిప్పి, వెలుగు అంచు గీతకి దిగేదాకా వదలడు. ఎవరైనా తొందరపెడితే "పోయేది మీ కళ్ళు కాదుగా!" అని కసురుతాడు. సరుకుతో వచ్చిన బండిని అసలు ముట్టడు. తన గీత ముందు ఖాళీ బండే నిలబడాలని మొండిపట్టు.

బావ టైల్స్ వ్యాను నడుపుతాడు. అక్క పెళ్ళినాటి నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో అక్క ఉండాల్సిందే. మొన్న ఆ వ్యాను వెలుగుకి కళ్ళు చెదిరి, ఎదురొచ్చిన స్కూటరతను పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ వ్యాను లైట్లు సరిచేసింది మేస్త్రే కాబట్టి, వ్యాను ఓనరు వచ్చి ఆయన్నే అడిగాడు.

"నా పనిలో వెంట్రుకవాసి తేడా ఉండదండీ. మీ డ్రైవరే ఎదుటి బండి చూసి లైటు డిమ్ చేసి ఉండడు," అన్నాడు మేస్త్రి, కాస్త సంతోషంగానే. ఆ ఒక్క మాటతో బావ ఉద్యోగం ఊడేట్టుంది.

సాయంత్రం అక్క మొగుణ్ణీ వ్యానునీ వెంటబెట్టుకుని దిగింది. "మళ్ళీ చూడరా," అంది.

మేస్త్రి అలవాటు ప్రకారం టైల్స్ పెట్టెలన్నీ దింపించి, షట్టరు వేసి, లైటు వెలిగించాడు. వెలుగు సరిగ్గా గీత మీదే ఉంది.

"చూశావా? మీ ఆయన్ని వేరే పని వెతుక్కోమను. ఇక సరుకు ఎక్కించుకుని బయల్దేరండి."

బావ పళ్ళు కొరుకుతూ పెట్టెలు ఎక్కించసాగాడు. లైటు ఆర్పబోయిన తమ్ముడి చెయ్యి అక్క గట్టిగా పట్టుకుంది. "ఉండు. గోడ చూడు."

పెట్టె మీద పెట్టె పడేకొద్దీ వ్యాను వెనక్కి కుంగింది, ముందుభాగం లేచింది. వెలుగు గీత దాటి, మనిషి ముఖమంత ఎత్తుకి ఎక్కి కూర్చుంది.

మేస్త్రి ముఖం మాడిపోయింది. విసురుగా ఓనరుకి ఫోను కొట్టాడు. "తప్పు నాదేనండీ. అలాగని మీ డ్రైవరు మంచివాడని నేనేం అనట్లేదు."

"నీ సర్టిఫికెట్ ఎవడిక్కావాలి!" అన్నాడు బావ.

అక్క మాత్రం తమ్ముడి వంకే చూస్తోంది. "ఇలా ఖాళీగా నిలబెట్టి ఎన్ని బళ్ళు సరిచేశావురా?"

మేస్త్రి వెళ్ళి షట్టరు ఎత్తాడు. చీకటి పడుతోంది. వీధిలో సరుకు బళ్ళు ఒక్కొక్కటే లైట్లు వేసుకుంటున్నాయి.