మూడో చరణంలో టాడెక్

లోకంలో ఇంతమంది గాయకులున్నా, తన పాట తానే ఒక్కసారి కూడా చివరిదాకా గుర్తుంచుకోని వాడు మా టాడెక్ ఒక్కడే. ఆయన చలికాలం మొదట్లో పాట మధ్యలో ఆగి, తరువాతి మాట గుర్తుకొచ్చేసరికి బయట మంచు అంతా కరిగిపోవడం నేను కళ్ళారా చూశాను. సరే, చలికాలం కాదు. నా చేతిలో కాఫీ చల్లారింది. అబద్ధమాడినప్పుడల్లా కాన్వెంట్‌లో సిస్టర్ మెలిపెట్టిన చెవి ఇప్పటికీ నొప్పెడుతుంది కనుక ఒప్పుకుంటున్నాను.

అమెరికాలో, ఎడిసన్ ఊళ్ళో మా అమ్మాయి రాగిణి వాళ్ళ పక్కిల్లే టాడెక్‌ది. పోలండ్‌లో కవితలకు బాణీ కట్టి, గిటార్ వాయిస్తూ ఒక్కరే పాడే సంప్రదాయం ఉందట. టాడెక్ వయసులో ఉండగా అక్కడి లుబ్లిన్ ఊళ్ళో ఒక చిన్న నాటకశాలలో అలా పాడి పతకాలు కొట్టాడు. అమెరికా వచ్చాక ముప్ఫయ్యేళ్ళు టైల్స్ వేశాడు.

"బాణీలన్నీ టైల్స్ పరుస్తూ కట్టినవే, మిస్టర్ రావ్. ఈ కౌంటీలో సగం మంది నా పాటల మీద నిలబడి స్నానం చేస్తున్నారు" అంటాడు.

ఇప్పుడు నెలకొక ఆదివారం ఇక్కడి పోలిష్ వాళ్ళ సంఘం హాల్లో పాడతాడు. గిటార్ మోసేది నేను.

"నాన్నా, మీకు పోలిష్ ఒక్క ముక్క రాదు. అక్కడ కూర్చుని ఏం చేస్తారు?" అంది రాగిణి.

"కాన్వెంట్‌లో లాటిన్ పాటలు అర్థమయ్యే పాడానా?" అన్నాను.

మొదటి రెండు చరణాలూ ఏరులా సాగిపోతాయి. మూడో చరణంలో ఠక్కున ఆగి సీలింగ్ వైపు చూస్తాడు. అప్పుడు మొదటి వరుసలోని హలీనా అనే పెద్దావిడ, మన పద్యనాటకాల్లో ప్రాంప్టర్ లాగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట అందిస్తుంది. ఆ గుసగుస పార్కింగ్ లాట్ దాకా వినిపిస్తుంది. ప్రతి పాటకూ ఇదే వరస.

హాలు కార్యదర్శి డొరోటాకు ఓపిక నశించింది. టాబ్లెట్ ఒకటి తెచ్చి స్టాండ్‌కు బిగించింది. దాని తెర మీద పాటల అక్షరాలు ఇడ్లీలంత ఉన్నాయి.

"మిస్టర్ టాడెక్, జనం విసుక్కుంటున్నారు. ఈ ఆదివారం చూసి పాడండి. మళ్ళీ ఆగారో, వచ్చే నెల నుంచి ఇంకొకర్ని పిలుస్తాం."

నాకు బెంగ పట్టుకుంది. కానీ శనివారం ఆయన కంచెకు రంగు వేస్తూ వరసగా పధ్నాలుగు పాటలు ఎక్కడా తడబడకుండా పాడేశాడు.

"ఇప్పుడెలా గుర్తున్నాయి?" అన్నాను.

"కంచె చప్పట్లు కొట్టదు కదా" అన్నాడు.

ఆదివారం వచ్చింది. రెండు చరణాలయ్యాయి. మూడోదానిలో ఆగాడు. డొరోటా టాబ్లెట్ వైపు వేలు చూపించింది. టాడెక్ ప్యాంటు జేబులు తడుముకున్నాడు.

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను."

హలీనా నిటారుగా కూర్చుని మాట అందించింది. పాట గట్టెక్కింది. ఆవిడ పక్క కుర్చీలో ఉన్న నా వైపు వంగి, ఇంగ్లీషులో గర్వంగా చెప్పింది:

"లుబ్లిన్ నాటకశాలలో ముప్ఫై ఒక్క ఏళ్ళు స్టేజి కింద గూట్లో కూర్చుని నటులకు మాటలందించాను. ఇక్కడ మా అమ్మాయింట్లో ఏం చెప్పబోయినా, 'తర్వాత చెప్దువులే అమ్మా' అంటారు. నేను రాకపోతే పాపం ఇతను మాత్రం ఒక్క పాటా పూర్తి చెయ్యలేడు. అందుకే జ్వరమొచ్చినా వస్తాను."

ఇదీ గుసగుసగానే అంది. అంటే హాలంతా విన్నది.

డొరోటా హలీనా వైపు చూసింది. తరువాత టాడెక్ చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న కళ్ళజోడు వైపు చూసింది. చప్పుడు చెయ్యకుండా టాబ్లెట్ మూసేసింది.

"వచ్చే నెలా మీరే పాడాలి, మిస్టర్ టాడెక్. హలీనా గారూ, మీరు రాకుండా మేం మొదలుపెట్టం."

ఇదంతా రాసి, ఇంగ్లీషులో టాడెక్‌కు చదివి వినిపించాను. ఆయన ముఖం మిరపపండులా ఎర్రబడింది.

"ఒక్క ముక్క నిజం లేదు! నాకు మతిమరుపు. కావాలంటే మా డాక్టర్‌ని అడగండి. అయినా, హలీనా ఎవరు?"