మామిడి పండుగకు ముందటి చావు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను ఆర్డీవో ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. ములకలపల్లి వైపు ఒక మామిడితోటలో కాపలాకున్న కోయ యువకుడు చనిపోయాడు. దొంగతనంగా కాయలు కోస్తూ చెట్టు మీంచి పడ్డాడన్నాడు, తోటను గుత్తకు తీసుకున్న ఆసామి. పోలీసులకు చెప్పకుండానే హడావిడిగా పూడ్పించేశాడు కూడా.

పదోరోజున అతని తల్లి మా ఆఫీసుకొచ్చింది. ఆమె వాంగ్మూలం రాసింది నేనే.

"నా కొడుకును దొంగంటుండ్రు సారూ. మా ఊళ్లె మామిడి పండుగ ఇంకా చెయ్యలే. పండుగ గాకముందు మావోళ్లు కాయ తెంపరు, నోట్లె పెట్టరు. గట్లాంటిది వాడెందుకు చెట్టెక్కుతడు?"

చావు గురించి చెప్పవమ్మా అంటే పండుగ గురించి చెబుతుందేమిటని నాకు ఒళ్లు మండింది. ఆ మాటలు కొట్టేయబోతుంటే ఆర్డీవోగారు కాగితం లాక్కున్నారు.

"ఏందయ్యా నువ్వు! అసలు సంగతే ఇది" అన్నారు. మెజిస్ట్రేటు హోదాలో, శవాన్ని వెలికితీసి పంచనామా చేయాలని ఉత్తర్వు ఇచ్చారు.

ఆసామి ఊరుకుంటాడా? కారణం లేని ఉత్తర్వు, రద్దు చేయండంటూ హైకోర్టులో రిట్ వేశాడు. ఫైలు చంకన పెట్టుకుని నేను హైదరాబాదు బస్సెక్కాను. వద్దన్నా ఆ తల్లి కూడా ఎక్కింది.

కోర్టు హాల్లో అవతలి లాయరు గంటసేపు దంచాడు. కారణమేదని జడ్జిగారు అడిగితే ప్రభుత్వ వకీలు నేను రాసిన కాగితం అందించాడు. జడ్జిగారు ముందు తనలో తాను చదువుకున్నారు. తర్వాత పైకి, ఆమె యాసలోనే చదివారు: "పండుగ గాకముందు మావోళ్లు కాయ తెంపరు."

అబ్బ! పనికిరాదని నేను కొట్టేయబోయిన మాట అది! ఇంతకంటే కారణమేం కావాలి, పంచనామా జరగాల్సిందేనంటూ జడ్జిగారు రిట్ కొట్టేశారు. అంత పెద్ద కోర్టు ఆమె మాట ముందు ఆగిందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

బయట వరండాలో ఆమెకు విషయం చెప్పాను.

"అయితే నా కొడుకు దొంగ కాదన్నదా సారూ, కోర్టు?"

"ఇంకా అనలేదమ్మా. తవ్వి చూడమంది. ఎలా చనిపోయాడో డాక్టర్లు చెబుతారు."

"అవ్ సారూ, తవ్వుండ్రి. నేను పక్కన్నే కూసుంట. నిద్రలేపితే వాడు చిన్నప్పటి సంది ఉలిక్కిపడతడు."